కొండచిలువ కుబుసం, నక్క కాపలా

వేరుశనగ చేను గట్టున పెద్ద రాళ్ళకుప్ప, దాని చుట్టూ రేగుకంపలు. ఆ రాళ్ళ కింద బొరియలో ఓబమ్మ అనే ఎలుక నలుగురు పిల్లలతో కాపురం ఉండేది. కుప్ప మీద ఒక ముసలి తొండ, గట్టు చివర వేపచెట్టు మీద ఒక ఉడుత దానికి ఇరుగుపొరుగు.

కాయ పీకి బండ్లకెత్తాక చేలో రాలిపోయిన కాయలన్నీ ఓబమ్మ ఏరుకొచ్చేది. బొరియలో మూడు అరలు చేసుకుంది. మొదటిది ఈ పూటకు. రెండోది ఎండాకాలానికి. అన్నిటికన్నా లోపలిది ఆపదకు. ఆ లోపలి అర వైపు పిల్లలు తొంగి చూసినా తోకతో ఒక్కటిచ్చేది.

“ఒక్క కాయమ్మా!”

“తొలకరి పడేదాకా చేలో మళ్ళీ గింజ దొరకదు. ఇప్పుడు తినేస్తే అప్పుడు మట్టి తింటారా?”

ఒకరోజు తెల్లారేసరికి బయటికి తల పెట్టిన ఓబమ్మ చటుక్కున వెనక్కి గెంతింది. బొరియ ముందు, రేగుకంపకు చుట్టుకుని, కొండచిలువ కుబుసం వేలాడుతోంది. పొడుగ్గా, తెల్లగా, గాలి వీచినప్పుడల్లా గరగరమంటోంది. కళ్ళుండాల్సిన చోట రెండు గుండ్రటి మచ్చలు తననే చూస్తున్నాయి.

ఆ పగలంతా ఎవరూ బయటికి రాలేదు. రాళ్ళ మీద ఎండుటాకు దొర్లినా పిల్లలు తల్లి పొట్ట కిందికి దూరారు. పొద్దు వాలే వేళకు నక్క అటుగా పోతూ పోతూ ఆగింది.

“అయ్యో ఓబమ్మా! ఇది నీ గుమ్మం ముందే విడిచిందా?”

“పాము ఎక్కడుంది మామా?”

“అదే తెలిస్తే ఇంత భయమెందుకు? పొర ఇక్కడుందంటే ఒళ్ళు దగ్గర్లోనే ఉండాలి. నా తొడంత లావుంది. ఈ తొండ తాతను అడుగు, చూసే ఉంటాడు.”

తొండ తల ఊపింది.

“నిజంగా అంత లావుందా తాతా?”

తొండ మళ్ళీ ఊపింది. తొండ దేనికైనా తల ఊపుతుందని ఓబమ్మకు తెలుసు. భయంలో ఆ సంగతి గుర్తు రాలేదు.

“నేను కాపలా కాస్తాలే. అరిచో బెదిరించో దారి మళ్ళిస్తా. నాకూ పొట్ట ఉంది కదా, ఒక మోదుగాకు నిండా కాయలియ్యి చాలు” అంది నక్క.

ఆపదకే కదా దాచింది, ఇంతకన్నా ఆపద ఏముంటుంది అనుకుంది ఓబమ్మ. లోపలి అర తెరిచింది. నక్క కాయలు తీసుకుని, కుబుసాన్ని కూడా నోట కరుచుకుంది. “ఇది ఇక్కడుంటే వాసనకు మళ్ళీ వస్తుంది. దూరంగా పారేస్తా.”

కొన్నాళ్ళు గడిచాయో లేదో, మళ్ళీ గుమ్మంలో కుబుసం.

“పొర విడిచినప్పుడల్లా పాము పెరుగుతుంది ఓబమ్మా. పాము పెరిగితే నా కష్టం పెరుగుతుంది. రెండాకులు.”

ఆ తర్వాత మూడాకులు. లోపలి అర ఊడ్చుకుపోయింది. ఎండాకాలం అర సగమైంది. ఓబమ్మకు ఇప్పుడు రెండు భయాలు. బయటికి చూస్తే పాము. లోపలికి చూస్తే ఖాళీ గోడ. పిల్లలకు పూటకొక కాయ నాలుగు ముక్కలు చేసి పెట్టేది. తనకు కడుపు నిండిందని చెప్పేది.

ఉడుత కొమ్మ మీది నుంచి నవ్వేది. “ఏమే ఓబమ్మా, నేను దొరికిందల్లా అప్పటికప్పుడే తినేశాను. నక్కకియ్యడానికి నా దగ్గర తొక్క కూడా లేదు. చూడు, నన్ను ఏ పామూ మింగలేదు! నువ్వు దాచిదాచి నక్కను మేపుతున్నావు. మనిద్దరిలో తెలివైనదెవరంటావ్?”

ఓబమ్మ మిగిలిన కాయలు మరోసారి లెక్కపెట్టుకుంది.

మరోసారి కుబుసం వచ్చింది. తోక కొస బొరియలోకే వేలాడుతోంది. ఓబమ్మ గోడకు అతుక్కుపోయింది. అయినా ఏదీ పారేయలేని ఎలుక అది. ఆ కొస ఎంత పలచగా, మెత్తగా ఉందో చూడగానే, పిల్లల పక్కలోకి పనికొస్తుందనిపించింది. కళ్ళు మూసుకుని కొస కొరికి, ముక్క లోపలికి లాక్కుని, మళ్ళీ గోడకు అతుక్కుంది. సాయంత్రం నక్క వచ్చి, మూడాకుల కాయలూ కుబుసమూ పట్టుకుపోయింది.

తర్వాతిసారి కుబుసం వచ్చినప్పుడు ఓబమ్మ దాని తోక చూసింది. కొస లేదు. అది ఉండాల్సిన చోట చిన్నచిన్న పళ్ళ గాట్లు. పిల్లల పక్కలోంచి ముక్క తెచ్చి పక్కన పెట్టింది. గాటుకు గాటు సరిపోయింది.

ఇన్నాళ్ళూ తనను భయపెట్టింది ఒక్కటే పొర. దాన్ని తీసుకెళ్ళేదీ, మళ్ళీ తెచ్చి వేసేదీ ఒకరే.

ఓబమ్మ ఉడుతనూ తొండనూ పిలిచి ముక్క చూపించింది. చేయవలసింది చెప్పింది.

“పాము పొట్టలోకి నడిచి పొమ్మంటావా? నీకు మతి పోయిందే!” అంది ఉడుత.

“ఖాళీ పొరే అక్కా.”

“ఇది ఖాళీ. మరి ఇది తొడుక్కున్నది ఎక్కడో ఉండే ఉంటుంది కదా!”

ఆ మాటకు ఓబమ్మ ఒక అడుగు వెనక్కి వేసింది. కానీ వెనక్కి తిరిగి చూస్తే, పిల్లలు నిన్నటి తొక్కలు నాకుతున్నారు.

“తాతా, నువ్వు తలలో ఉండు. నీకు అలవాటైన పనే” అంది.

తొండ తల ఊపింది.

ముందు తొండ, నడుమ ఓబమ్మ, తోకలో ఉడుత. లోపల మసక వెలుతురు, పాత వాసన. ఖాళీ అని తెలిసినా ఓబమ్మకు నాలుగు వైపులా పాము ఉన్నట్టే ఉంది. తన గుండె చప్పుడుకే పొర అదురుతోంది.

పొద్దు వాలింది. నక్క వచ్చింది.

“ఓబమ్మా! ఈసారి నాలుగాకులు. పాము బాగా పెరిగింది!”

కుబుసం తల పైకి లేచింది.

నక్క గాలేమో అనుకుని వేపచెట్టు వైపు చూసింది. ఆకు కదలడం లేదు. కుబుసం తల ఊపుతోంది. వెనక తోక అటూ ఇటూ కొట్టుకుంటోంది.

“నా పేరు చెప్పి కాయలు పోగేస్తున్నావట?” అంది కుబుసం, నడుములోంచి.

“స్వామీ! కొ… కొంచెమే!”

“కొంచెమేనా?”

తల గట్టిగా ఊగింది. “సగమే తిన్నాను స్వామీ! మిగతాదంతా వాగు పక్క నా గుంటలోనే ఉంది! అంతా నీదే!” అని నక్క కేక పెట్టి, ముళ్ళ కంపల మీదుగా పడుతూ లేస్తూ వాగు దాటి పోయింది. మళ్ళీ ఆ గట్టున ఎవరికీ కనబడలేదు.

గుంటలో మిగిలిన కాయలు మోసుకొస్తే లోపలి అర నిండలేదు. రెండో అర మాత్రం నిండింది. తొలకరి దాకా చాలు. ఓబమ్మ అందులోంచి ఒక ఆకు నిండా తీసి ఉడుత ముందు, ఒకటి తొండ ముందు పెట్టింది.

“ఇదెందుకే?” అంది ఉడుత.

“ఇది ఖర్చక్కా. నాకు పని జరిగింది, మీకు కూలి వచ్చింది. నక్కకిచ్చినవి ఖర్చు కాదు, పోగొట్టుకున్నవి. తెలివైనదెవరో ఇప్పుడు నువ్వే చెప్పు.”

ఉడుత ఒక కాయ ఒలిచి తింది. రెండోది ఒలవబోయి ఆగింది. మిగతా ఆకును చెట్టు తొర్రలో పెట్టి, ఎవరైనా చూశారేమోనని చుట్టూ చూసింది.

తొండ తల ఊపింది.

ఆపదకు దాచింది ఆపదకే తీయాలి. తీసే ముందు ఆ ఆపద నిజమో కాదో దగ్గరికెళ్ళి చూడాలి.