పులిని పడుకోబెట్టిన సంగీతం

అనగనగా ఒక అడవిలో ఒక సినిమా హాలు ఉండేది. నవ్వకండి, నిజంగానే ఉండేది. దానికి గోడలు లేవు, పైకప్పు లేదు, కుర్చీలు అసలే లేవు. ఒక కొండ పక్కన ఏటవాలుగా పెద్ద తెల్లబండ ఉండేది. పొద్దు వాలేవేళ ఎండ తిన్నగా వచ్చి ఆ బండ మీద పడేది. ఎదురుగా ఉన్న గట్టు మీద జంతువులు వేషాలు కట్టి ఆడితే, వాటి నీడలు సాగి సాగి బండ మీద కదిలేవి. కింద పచ్చికలో కూర్చుని అడవి అంతా చూసేది. దానికి సినిమా అని పేరు పెట్టింది ఒక కాకి. ఊళ్ళో సినిమా హాలు ముందు పల్లీలు ఏరుకు తినే కాకి అది. దాని మాట కాదనేంత తెలిసినవాళ్ళు అడవిలో ఎవరూ లేరు.

సినిమాలు తీసేవాడు దూకుడయ్య అనే కొండముచ్చు. కథ ఆయనదే, మాటలు ఆయనవే. అందరి మీద అరిచేదీ ఆయనే. ఆయన కొత్త సినిమాలో ఒక లేడిపిల్ల దారి తప్పుతుంది. పులి దాని వెంట పడుతుంది. చివరికి లేడిపిల్ల తల్లిని చేరుకుంటుంది. అంతే కథ. కానీ పులి వేషం వేసిన అడవిపిల్లి నీడ బండ మీద పడగానే, ఏనుగులు కూడా ఒకదానికొకటి దగ్గరగా జరిగేవి.

ఎందుకు జరిగేవో తెలుసా? నీడను చూసే జరిగామని అవి అనుకునేవి. కాదు, సంగీతం వల్ల.

ఆ సంగీతం చేసినవాడు ముళ్ళయ్య అనే ముళ్ళపంది. బండ కింద, నీడలో కూర్చునేవాడు. ఆయన ముందు పెద్ద దండే ఉండేది. కప్పలు, కీచురాళ్ళు, తుమ్మెదలు, గోరింకలు, బోలు మొద్దు మీద ముక్కుతో కొట్టే వడ్రంగిపిట్ట, వెనక బొంగురు గొంతు ముసలి ఏనుగు. రాలిపోయిన తన ముల్లునే ఒకటి చేతిలో పట్టుకుని ముళ్ళయ్య వాళ్ళందరినీ నడిపించేవాడు. ఒక్క కీచురాయి కాస్త ముందు కూసినా ఒప్పుకునేవాడు కాదు. మళ్ళీ అనేవాడు, మళ్ళీ మళ్ళీ అనేవాడు. కప్పలు ఆయన్ని వెనక తిట్టుకునేవి, ముందు మాత్రం చక్కగా పాడేవి.

ముళ్ళయ్య వాయించేవాళ్ళ వైపు తిరిగి ఉండాలి కదా. అందుకని చూసేవాళ్ళకు ఆయన వీపు తప్ప ముఖం ఎప్పుడూ కనిపించలేదు. ఆయనకూ వాళ్ళ ముఖాలు కనిపించలేదు.

లేడిపిల్ల తల్లిని చేరగానే అందరూ చప్పట్లు కొట్టి లేచేవాళ్ళు. అప్పుడు ముళ్ళయ్య ఇంకో ముక్క వాయించేవాడు. మెల్లగా, పొడుగ్గా సాగే ముక్క. అది మోగుతుంటే ఒక చిలక పేర్లు చదివేది. కథ ఫలానా, లేడిపిల్ల వేషం ఫలానా, పులి వేషం ఫలానా. సంగీతం ముళ్ళయ్య అన్నది అన్నిటికన్నా చివర. అప్పటికి పచ్చికలో ఒక్కరూ ఉండేవాళ్ళు కాదు. వినేవాళ్ళు లేనప్పుడు గొంతు చించుకోవడం ఎందుకని చిలక ఆ పేరును ముక్కులోనే గొణిగేది. మీరు కూడా అంతే కదా, తెర మీద పేర్లు పడగానే చెప్పులు వెతుక్కుంటారు! నాకు ఎంత కోపం వస్తుందో మీకు తెలియదు.

అందరికన్నా ముందు లేచేది గంతులమ్మ. అది ఒక కుందేలు. కాలు ఒకచోట నిలవదు. తింటూ తింటూ లేస్తుంది, లేచి ఎందుకు లేచానా అనుకుంటుంది. సినిమా చూస్తున్నంతసేపూ నేలను కాలితో కొడుతూనే ఉంటుంది. చివరి చప్పట్లు పడగానే పిల్లల్ని పోగేసుకుని పరుగు తీస్తుంది. దానికి ముగ్గురు పిల్లలు. పెద్దవాళ్ళిద్దరూ తల్లి లాగే గెంతేవాళ్ళు. చిన్నది బుల్లి మాత్రం వెనక్కి తిరిగి చెవులు నిక్కబొడుచుకుని నడిచేది. దాన్ని చెయ్యి పట్టి లాక్కుపోవాల్సి వచ్చేది.

అయితే గంతులమ్మ ఎంత ముందు లేచినా ముందు బయటపడేది కాదు. పచ్చిక నుంచి బయటికి ఒకటే దారి. రెండు బండరాళ్ళ మధ్య ఇరుకు సందు అది. ఆ చివరి ముక్క మోగుతున్నంతసేపూ సందు దగ్గర కూర్చున్న దున్నలు, ఎలుగులు తూగుతూ మెల్లగా నడిచేవి. గంతులమ్మ వాటి కాళ్ళ వెనక ఇరుక్కుని గిలగిల్లాడిపోయేది.

ఒకరోజు దానికి ఓపిక పోయింది. తిన్నగా దూకుడయ్య దగ్గరికి వెళ్ళింది.

"దూకుడన్నా, కథ అయిపోయాక ఇంకా ఆ సాగతీత ఎందుకు? అది విని అందరూ నిద్రమొహాలతో నడుస్తున్నారు. నాకు కాలు కదిపే చోటు లేదు."

దూకుడయ్య గడ్డం గోక్కున్నాడు. ఆయన మనసులోనూ అలాంటిదే ఒకటి తిరుగుతోంది. పులి వెంటపడినప్పుడు అందరి గుండెలూ దడదడలాడుతాయి. ఆ దడతోనే బయటికి వెళితే అడవి అంతా తన సినిమా గురించే చెప్పుకుంటారు. మరి ముళ్ళయ్య ఆ చివరి ముక్కతో అంత వేడినీ చల్లార్చి పంపుతున్నాడు. ఇలా లెక్కేసుకుని ఆయన ముళ్ళయ్యను పిలిచాడు. చప్పట్లతోనే ఆపేయమన్నాడు.

ముళ్ళయ్య వీపు మీద ముళ్ళన్నీ లేచి నిలబడ్డాయి.

"వద్దు బావా. పరుగెత్తించిన మనసును ఉన్నపళాన వదిలేయకూడదు. కాస్త నడిపించి అప్పుడు ఆపాలి."

దూకుడయ్య నవ్వేశాడు. ఆ ముక్క ఒక్కరైనా వింటున్నారా, వెనక్కి తిరిగి ఎప్పుడైనా చూశావా అని అడిగాడు. ముళ్ళయ్యకు ఆ మాట గుచ్చుకుంది. నిజమే, ఆయన చూడలేదు. చూడక్కర్లేదు కూడా. రోజూ ఆ ముక్క మొదలవగానే వెళ్ళిపోయే కాళ్ళ చప్పుడు ఆయన చెవిన పడుతూనే ఉంది. తన ముల్లు తీసుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు సాయంత్రం సినిమా మొదలైంది. లేడిపిల్ల దారి తప్పింది. బోలు మొద్దు మీద రెండు దెబ్బలు పడ్డాయి, ధిమ్, ధిమ్. పులి వచ్చే ముందు ఎప్పుడూ పడే దెబ్బలే అవి. పచ్చిక అంతా ఊపిరి బిగబట్టింది. పులి తరిమింది, దెబ్బలు వేగం అందుకున్నాయి, తుమ్మెదలు హోరెత్తాయి. లేడిపిల్ల తల్లిని చేరింది. చప్పట్లు పడ్డాయి. ఆ తర్వాత ఏమీ లేదు. చిలక కూడా పేర్లు చదవలేదు.

అందరూ లేచారు. ఏదో వెలితిగా ఉంది, కానీ ఏమిటో ఎవరికీ తెలియలేదు. ఎవరి ఒంట్లోనూ దడ తగ్గలేదు. దున్నలు ఈరోజు తూగడం లేదు, ఒకదాన్నొకటి నెట్టుకుంటున్నాయి. ఎలుగు వెనక్కి వెనక్కి చూసుకుంటోంది. గంతులమ్మకు మాత్రం దారి దొరికింది. పిల్లల్ని తోసుకుంటూ ముందుకు దూసుకుపోయింది.

బుల్లి దాని చెయ్యి గుంజింది. "అమ్మా, ఆగవే. పులి ఇంకా పడుకోలేదు."

"ఏ పులీ? అది అడవిపిల్లే. నడు."

"పడుకోలేదమ్మా," అంది బుల్లి.

సరిగ్గా అప్పుడే సందులో ఒక దున్న తుమ్మింది. ఒట్టి తుమ్మే. కానీ అంత దడ మీద ఉన్నవాళ్ళకు తుమ్ము చాలు. ఎవరన్నారో తెలియదు, పులి అన్నారు. అంతే, అడవి అంతా ఒక్కసారిగా ఆ ఇరుకు సందు మీద పడింది. దున్నలు, ఎలుగులు, పందులు, దుప్పులు అన్నీ ఒకటే తొక్కిడి. గంతులమ్మ చేతిలోంచి బుల్లి చెయ్యి జారిపోయింది. పెద్దవాళ్ళిద్దర్నీ ఒక రాతి పగులులోకి తోసి వెనక్కి తిరిగితే, ఎటు చూసినా గిట్టలే. బుల్లీ, బుల్లీ అని అరిచింది. ఆ గోలలో దాని అరుపు దానికే వినిపించలేదు. నా కాళ్ళ తొందరే కదా నా బిడ్డ మీదికి వచ్చింది అనుకుని ఏడ్చింది.

దూకుడయ్య రాయి ఎక్కి ఆగండి ఆగండి అని కేకలు పెట్టాడు. ఆ కేకలు విని, పులి నిజంగానే వచ్చిందని అందరూ ఇంకా గట్టిగా తోసుకున్నారు.

బండ కింద ముళ్ళయ్య కోపంగా కూర్చుని ఉన్నాడు. ముల్లు నేలలో గుచ్చేసి ఉంది. వాయించేవాళ్ళు ఇంకా వెళ్ళలేదు. గోల వినగానే కప్ప ఆయన ముఖంలోకి చూసింది. ముళ్ళయ్య ముందు ముఖం అటు తిప్పుకున్నాడు. నా ముక్క వద్దన్నవాళ్ళు కదా, పడనీ అనుకున్నాడు. కానీ ఎంతసేపు అనుకోగలడు? అటు నుంచి వినిపిస్తున్నవి పసివాళ్ళ ఏడుపులు. ఆయన లేచి ముల్లు పైకి లాగాడు.

"మొద్దు మీద రెండు దెబ్బలు," అన్నాడు వడ్రంగిపిట్టతో.

వడ్రంగిపిట్ట బెదిరిపోయింది. అవి పులి దెబ్బలు, వింటే ఇంకా పరుగెత్తుతారు అంది.

"పరుగెత్తుతూనే ఉన్నారుగా. ముందు వాళ్ళతో కలుద్దాం. కొట్టు."

దెబ్బలు పడ్డాయి, గిట్టలు ఎంత వేగంగా కొట్టుకుంటున్నాయో అంత వేగంగా. ధిమ్ ధిమ్, ధిమ్ ధిమ్. తుమ్మెదలు అందుకున్నాయి. ఇప్పుడు పరుగూ సంగీతమూ ఒకటే అయిపోయాయి, ఏది దేన్ని నడిపిస్తోందో తెలియనంతగా. అప్పుడు ముళ్ళయ్య ముల్లు రవ్వంత కిందికి దించాడు. దెబ్బ రవ్వంత ఆలస్యంగా పడింది. ఇంకాస్త దించాడు. కప్పలు కింది గొంతులో కలిశాయి. ముసలి ఏనుగు నిట్టూర్చినట్టుగా ఒక పొడుగు స్వరం తీసింది. ధిమ్... ధిమ్. అవే రెండు దెబ్బలు. కానీ ఇప్పుడవి పులి అడుగుల్లా లేవు. కడుపు నిండిన పులి పడుకుని ఊపిరి తీస్తున్నట్టు ఉన్నాయి.

సందులో వెనకవాళ్ళు నెట్టడం మానేశారు. ముందువాళ్ళ కాళ్ళు తేలికయ్యాయి. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. కాళ్ళే విన్నాయి, కాళ్ళే నెమ్మదించాయి. ఒక పెద్ద దున్న ఎత్తిన కాలు ఎత్తినట్టే ఆపి కిందికి చూసింది. దాని కాలి కింద, దుమ్ములో ముడుచుకుని బుల్లి ఉంది.

దున్న కాలు పక్కకు పెట్టింది. గంతులమ్మ వెళ్ళి బిడ్డను ఒళ్ళో వేసుకుంది. బుల్లి చెవి ఒకటి చీలింది, ఒళ్ళంతా మట్టి. అయినా ఏడవడం లేదు. సంగీతం వైపు తల తిప్పి వింటోంది.

"అమ్మా, ఇప్పుడు పడుకుంది," అంది.

గంతులమ్మకు అప్పుడు అర్థమైంది. రోజూ ఈ సంగీతమే పులిని పడుకోబెట్టి, వాళ్ళ వెనకే నడిచి వాళ్ళను ఇంటిదాకా దిగబెడుతోంది. తను దాన్ని అడ్డమనుకుంది, తీసేయమని చెప్పింది. సిగ్గుతో దాని చెవులు రెండూ వాలిపోయాయి.

దూకుడయ్య ముళ్ళయ్య దగ్గరికి వెళ్ళి తలవంచుకుని నిలబడ్డాడు. ఆ ముక్క ఇకమీదట ఎవరు చెప్పినా తీసేయనన్నాడు. ముళ్ళయ్య సరే అని ఊరుకున్నాడు. ఆయనకు మాటలు పెద్దగా రావు.

బుల్లి చెవి మానాక మళ్ళీ సినిమా వేశారు. లేడిపిల్ల తల్లిని చేరింది, చప్పట్లు పడ్డాయి, అందరూ లేచారు. గంతులమ్మ లేవలేదు. ముళ్ళ మీద కూర్చున్నట్టే ఉంది పాపం దానికి. కాళ్ళు పరుగు పరుగు అంటున్నాయి. రెండు చేతులతో కాళ్ళను అదిమి పట్టుకుంది. బుల్లి తల్లి ఒళ్ళో చేరింది.

లేచినవాళ్ళు అది చూశారు. గంతులమ్మే కూర్చుందంటే ఇంకా ఏదో మిగిలే ఉంటుంది అనుకున్నారు. దున్న కూర్చుంది, ఎలుగు కూర్చుంది, దుప్పులు కూర్చున్నాయి.

అందరూ మొదటిసారి విన్నారు. లేడిపిల్ల గెంతులు గోరింకల గొంతులో మళ్ళీ వచ్చాయి, కాస్త పెద్దరికంతో. తల్లి వెతుకులాట వచ్చింది, ఈసారి బెంగ లేకుండా. వాళ్ళు ఇందాక కళ్ళతో చూసిన కథ అంతా చెవుల్లోకి తిరిగి వచ్చి, ఒక్కొక్కటిగా పడుకుంది. గంతులమ్మ కాళ్ళు ఎప్పుడు ఊరుకున్నాయో దానికే తెలియదు.

ముళ్ళయ్యకు మాత్రం కంగారు పుట్టింది. వెనక కాళ్ళ చప్పుడు లేదు. ఇన్నాళ్ళలో ఎప్పుడూ ఇలా లేదు. ఎలాగో చివరి దెబ్బ దాకా నడిపించి ముల్లు దించాడు. పక్కనే ఉన్న కప్పను గుసగుసగా అడిగాడు.

"ఏమైంది? వీళ్ళు ఎందుకు వెళ్ళలేదు? దారి ఏమైనా మూసుకుపోయిందా?"

"దారి తెరిచే ఉంది మామా," అంది కప్ప. "నీ పేరు వినడానికి కూర్చున్నారు."

ముళ్ళయ్య నెమ్మదిగా వెనక్కి తిరిగాడు. ఆయన ముఖం అడవి చూడడం, అడవి ముఖాలు ఆయన చూడడం అదే మొదటిసారి. ఒంటి మీద ముళ్ళన్నీ లేచి నిలబడ్డాయి. అది భయమో సంతోషమో ఆయనకే తెలియలేదు. చిలక గొంతు సవరించుకుంది. రోజూ ముక్కులో గొణిగే ఆ పేరును గొంతెత్తి చదివింది.

నీతి: మనల్ని నవ్వించినవాళ్ళ పేర్లు, భయపెట్టినవాళ్ళ పేర్లు మనకు గుర్తుంటాయి. మన భయాన్ని నిద్రపుచ్చి క్షేమంగా ఇంటికి పంపినవాళ్ళ పేరు చివర వస్తుంది. అది వినేదాకా కూర్చోవాలి.