రెండు పొయ్యిల బీకో

అనగనగా ఒక ఊరుందిటే పండూ. మన దేశంలో కాదు, సముద్రం అవతల ఫిలిప్పీన్స్ దీవుల్లో. ఓడలో పనిచేసే రోజుల్లో మీ తాతయ్య అక్కడ విని వచ్చి నాకు చెప్పాడు. కదలకుండా విను మరి!

ఆ ఊళ్ళో దోదోంగ్ అని పడవ నడిపే కుర్రాడు. వాడికి మయూమి అనే పిల్లంటే ప్రాణం. ఆ పిల్లకీ వాడంటే అంతే. మయూమిని పెంచింది వాళ్ళమ్మమ్మ ఇసింగ్. నాలాగే గయ్యాళి! ఏం, నవ్వుతావేం?

అప్పుడు దోదోంగ్ వెళ్ళి పిల్లనివ్వమని అడిగాడు. ముసలమ్మ వాణ్ణి ఎగాదిగా చూసింది.

"పొద్దుగూకేలోపు నువ్వే, నీ చేత్తో, బీకో వండిపెట్టు. పెడితే సరే. లేదా, పిల్లకి ఇంకో సంబంధం చూసుకుంటాను."

బీకో అంటే జిగురు బియ్యం, కొబ్బరిపాలు, బెల్లం కలిపి వండే తీపి అన్నంలే. కొబ్బరి మొదటిసారి పిండితే చిక్కటి పాలొస్తాయి చూడు, వాటిని విడిగా మరిగిస్తే నూనె తేలి ఎర్రటి పలుకులు మిగుల్తాయి. అవి పైన చల్లాలి. రెండోసారి పిండిన పల్చటి పాలల్లో అన్నం ఉడకాలి. పాపం, వీడికి పొయ్యి వెలిగించడమే రాదు!

గబగబా కొబ్బరిచెట్టెక్కాడు. కాయలు దింపాడు, తురిమాడు, పిండాడు. పిండి, ఆ చిక్కటి పాలన్నీ తీసుకెళ్ళి బియ్యంలో పోసేశాడు! చూడవచ్చిన ఊరంతా ఘొల్లున నవ్వింది. ఇంక పలుకులెక్కణ్ణించి వస్తాయి?

మళ్ళీ చెట్టెక్కాడు. ఈసారి చిక్కటి పాలు విడిగానే మరిగించాడు. కుదురుగా ఉన్నాడా? గుమ్మంలో నిలబడ్డ మయూమిని చూస్తూ గరిటె తిప్పడం మరిచాడు. పలుకులన్నీ మాడి బొగ్గయ్యాయి.

ఆ తర్వాత మూడోసారి. అప్పటికే ఎండ వాలిపోయింది. ఇంక రెండూ ఒకేసారి వండాల్సిందే. ఒక పొయ్యి మీద అన్నం, ఇంకో పొయ్యి మీద పాలు. అన్నమేమో జిగురెక్కి రెండు చేతులతో తిప్పినా కదలట్లేదు. అక్కడ పాలేమో ఎర్రబడుతున్నాయి. వదిలితే ఇది అడుగంటుతుంది, వదలకపోతే అది మాడుతుంది! అబ్బ, నాకే గుండె దడదడలాడుతోందే!

అప్పుడు వాడు గట్టిగా అరిచాడు.

"అమ్మమ్మా, ఇది నా ఒక్కడి వల్ల కాదు! తిట్టినా సరే, కొట్టినా సరే. మయూమీ, రా, ఆ గరిటె అందుకో!"

మయూమి ఒక్క ఉరుకున వచ్చి అందుకుంది. ఇద్దరూ పక్కపక్కన నిలబడి చెమటలు కక్కుతూ తిప్పారు. అన్నం దగ్గరపడింది. అరిటాకులోకి దించి పైన పలుకులు చల్లారు. ఘుమఘుమా ఘుమఘుమా!

ముసలమ్మ ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. ఊరంతా మెడలు చాచి చూసింది.

"బెల్లం ఎక్కువైంది," అంది. మయూమి మొహం వాడిపోయింది.

అంతలో ముసలమ్మ కళ్ళు తుడుచుకుంది. "నలభై ఏళ్ళు ఈ రెండు పొయ్యిల మధ్యా నేనొక్కదాన్నే వేగాను. మా ఆయన ఒక్కనాడూ వచ్చి పక్కన నిలబడలేదు. నీకే ఇస్తాను నాయనా నా పిల్లని!"

కొబ్బరన్నం ఆకెక్కింది,
పెళ్ళికూతురు పడవెక్కింది,
కథేమో కంచి బండెక్కింది,
ఇంక నువ్వూ మంచమెక్కు!