బుట్ట ముంచని నీళ్ళు

అనగనగా ఒక సముద్రం, ఆ సముద్రం ఒడ్డున గవ్వలపాలెం అని ఒక పల్లె. పల్లె పక్కనే పట్నం వాళ్ళు వచ్చి దిగే రిసార్టు ఒకటి. దుప్పటి కప్పుకో బంగారం, ఇది కోపం వచ్చే కథ. నాకైతే ఇప్పటికీ వస్తుంది.

ఆ రిసార్టుకి సుభాషిణి అనే అమ్మాయి వచ్చింది. ఆరో నెల. పెళ్ళయిన ఏడేళ్ళకి నిలిచిన కడుపు. కాలవగట్టున పుట్టిన పిల్ల కదా, దానికి ఈతంటే ప్రాణం. నడుం నొప్పికి ఈత మంచిదే, నీళ్ళు మాత్రం శుభ్రంగా ఉండాలని డాక్టరమ్మ చెప్పింది. దాంతో మొగుడు వేణుమాధవ్‌ని, అతని మేనత్త శేషమ్మని వెంటబెట్టుకుని వచ్చేసింది. వచ్చిన సాయంత్రమే కుండపోతగా వాన.

తెల్లారాక సుభాషిణి మేనేజరు చిదంబరాన్ని అడిగింది, నీళ్ళు బాగున్నాయా అని.

"కొబ్బరినీళ్ళే మేడమ్," అన్నాడు, అటువైపు చూడకుండానే.

శేషమ్మా చూడలేదు. "కడుపుతో ఉన్నదానివి సముద్రంలో దిగకూడదు," అంది. ఎందుకని అడిగితే, "కూడదంటే కూడదు," అంది. చూశావా, ఒకరు దిగమంటారు, ఒకరు వద్దంటారు. ఆ నీళ్ళెలా ఉన్నాయో చూసిన మనిషి మాత్రం లేడు. ఒళ్ళు మండదూ మరి?

అప్పుడు సుభాషిణి తనే వెళ్ళి మడమల దాకా దిగింది. అలల మీద గోధుమరంగు నురగ, ముక్కుకి ఏదో వాసన. వెనక్కి వచ్చేసింది.

ఆ తర్వాత రోజు మళ్ళీ వెళ్ళింది. నురగ తగ్గింది, వాసనా పెద్దగా లేదు. నడుమేమో లాగేస్తోంది. మోకాళ్ళ దాకా దిగింది. అప్పుడే చేపలమ్ముకొచ్చే పల్లె ఆడవాళ్ళు ఖాళీ బుట్టలతో ఒడ్డున పోతున్నారు. బుట్ట సముద్రంలో కడుక్కుని గానీ ఇల్లు చేరరు వాళ్ళు. అలాంటిది, పక్కనే ఇన్ని నీళ్ళుంటే ముట్టుకోకుండా, ఎండలో పడి ఎక్కడో ఉన్న రాళ్ళ దాకా నడుస్తున్నారు.

సుభాషిణికి వింతగా తోచి, వెనకగా వస్తున్న పోలమ్మని అడిగింది.

"మొన్న వానకి గెడ్డ, అదే ఆ వాగు, తెగింది కదమ్మా. ఊళ్ళ మురుగంతా వొచ్చి ఈడే పడతాది. గెడ్డ తెగితే మూడు రోజులు మా చేపల బుట్టే ఈడ ముంచం. నువ్వు బిడ్డని ముంచుతావేటి?" అంది పోలమ్మ.

సుభాషిణి చెయ్యి కడుపు మీదికి పోయింది. గబగబా ఒడ్డెక్కింది.

"మావోళ్ళు ఎర్రగుడ్డ కట్టి కర్ర పాతారే, అదేదీ?" అంది పోలమ్మ చుట్టూ చూస్తూ.

అదెక్కడుందో తెలుసా? చిదంబరం చేతిలో. దాంతో ఆఫీసు గదిలో బల్ల తుడుచుకుంటున్నాడు. సుభాషిణి, శేషమ్మ వెళ్ళి ఇదేంటని నిలదీశారు.

"అది కనిపిస్తే గెస్టులు భయపడతారు మేడమ్," అన్నాడు. భయపడాలనే కదురా కట్టింది! వాడి బల్ల మీద దుమ్ము ఉండకూడదు, ఏడేళ్ళకి నిలిచిన బిడ్డ ఏమైపోయినా పర్లేదు. అలాంటివాణ్ణి ఏమనాలో నువ్వే చెప్పు.

శేషమ్మ చెంబు పట్టుకుని వెళ్ళి, ఆ సముద్రపు నీళ్ళే ముంచుకొచ్చి బల్ల మీద పెట్టింది.

"కొబ్బరినీళ్ళన్నావుగా నాయనా. తాగొద్దులే. మొహం కడుక్కో చాలు."

గెస్టులంతా గుమ్మంలో మూగారు. చిదంబరం చెయ్యి చెంబు దాకా వెళ్ళింది, అక్కడే ఆగిపోయింది. తల్లులు పరుగెత్తి నీళ్ళలో ఆడుతున్న పిల్లల్ని బయటికి లాక్కొచ్చారు. ఆ తర్వాత ఎర్రగుడ్డ చిదంబరమే కర్రకి కట్టి పాతాడు. ఇంకా లోతుగా పాతమని పోలమ్మ దగ్గరుండి రెండుసార్లు పాతించింది.

నాలుగో రోజుకి సముద్రం నిమ్మళించింది. రాళ్ళ దగ్గర, లాగుడు లేని చోట, సుభాషిణి ఛాతీ దాకా దిగింది. ఒక పక్క వేణుమాధవ్, ఇంకో పక్క పోలమ్మ. ఒడ్డున శేషమ్మ తువ్వాలు పట్టుకుని "కూడదు, కూడదు" అని గొణుగుతూనే కూర్చుంది. ముందు పోలమ్మ బుట్ట మునిగింది. ఆ తర్వాతే బిడ్డ మునిగింది. మునిగి, లోపల్నించి ఒక్క తన్ను తన్నింది.

బుట్ట మునిగిన నీళ్ళలో బిడ్డ మునగాలి,
గుడ్డ ఎగిరిన చోట ఒడ్డునే ఆగాలి.
కథ పోయె కంచికి, కునుకు వచ్చె కంటికి.