కడబంతిలో కూర్చున్న సముద్రపు పువ్వు

ఒకప్పుడు సముద్రపు పువ్వులు ఇలా గుంపులుగా ఉండేవి కావు. ఎవరి రాయి వాళ్ళది. పువ్వులంటే జడలో పెట్టుకునేవి కావర్రా! నీళ్ళ అడుగున రాతిని కరుచుకుని బతికే జీవాలు. కింద రాతికి అతుక్కునే ఒంటికాలు, పైన నడుమ నోరు, నోటి చుట్టూ రేకుల్లా బోలెడన్ని చేతులు.

తిండి కోసం వెతుక్కునే పనే లేదు వాటికి. ఒరవడి తెచ్చిపెట్టేది. ఒరవడి అంటే సముద్రంలో పారే నీరే. రొయ్యపిల్లల్నీ చేపగుడ్లనీ మోసుకొస్తూ దారిలో ఉన్నవాళ్ళ చేతుల్లో పెట్టేది. అందుకే పువ్వులన్నీ ఒరవడిని "మావా" అని పిలిచేవి.

ఒక ఏడు ఇసుక మేట వేసి పైడమ్మ అనే పువ్వు ఉన్న రాయి పూడిపోయింది. పైడమ్మ తన కూతురు బుజ్జిదాన్ని వెంటబెట్టుకుని, పాకుతూ పాకుతూ అక్క నూకాలు దగ్గరికి వచ్చింది. నూకాలు తన రాతికి ముందువైపు, ఒరవడి వచ్చి తగిలేచోట కూర్చుని ఉంది. బాగా బలిసింది కూడా.

"అక్కా, నీ పక్కన కాస్త చోటియ్యవే. బుజ్జిది ఆకలంటోంది."

"పక్కనైతే ఇరుకే! నా వెనకాల బోలెడు చోటుంది, కూచో."

"నీ వెనకైతే మాకు తిండి అందుతుందా?"

"ఓసి పిచ్చిమొహమా! వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చుంటే మాత్రమేం? మన మావేగా!"

నిజమే కదా అనుకుంది పైడమ్మ. వెనకాలే కాలు అతికించుకుంది. అది చూసి మిగతా చుట్టాలూ ఎగబడి వచ్చారు. రాతి మీద వేలు పెట్టే సందు లేకుండా పోయింది.

మర్నాడు మావ వచ్చాడు. పైడమ్మ దాకా వచ్చేసరికి ఉత్త నీళ్ళు!

"నేనేం చెయ్యనమ్మా!" అన్నాడు మావ. "నిండుగానే బయల్దేరాను. మీ అక్కవి చేతులే చేతులు. దాని పక్కవాళ్ళవీ అంతే. వాటి మధ్య నుంచి ఈడ్చుకుంటూ వచ్చేసరికి నా ఊపు చచ్చింది, తిండీ అయిపోయింది."

"బుజ్జిదానికి ఒక్క రొయ్యపిల్లని దాచి తేలేవా మావా?"

"నాకు పారడమే తెలుసు తల్లీ. దాచడం తెలీదు."

పైడమ్మ అక్కని బతిమాలింది. "కాసేపు నీ చేతులు ముడుచుకో అక్కా. పిల్ల చిక్కి శల్యమైపోతోంది."

"నేనేమైనా లాక్కుంటున్నానా? వచ్చి పడుతోంది, తింటున్నాను. కడుపు నిండనీ, ముడుస్తాలే."

ఆ కడుపు నిండితేగా! తినీ తినీ నూకాలు నిలువునా రెండుగా చీలి ఇద్దరు నూకాలులైంది. ఇద్దరూ ముందువరసలోనే కూర్చున్నారు. సిగ్గు ఉండాలి!

పైడమ్మ వేరే చోటికి పోదామనుకుంది. చుట్టూ చుట్టాలే. ఒక్కరూ జరగలేదు.

"అమ్మా, ఈసారైనా వస్తుందా?" అడిగేది బుజ్జిది.

"వస్తుంది. చేతులు చాపి ఉంచు నాన్నా."

చాపే ఉంచింది, పాపం. చేతుల్లో బలం ఉన్నా లేకపోయినా చాపే ఉంచింది. ఒకనాడు రాతి మీద దాని కాలు పట్టు జారింది. మావ ఎంత నెమ్మదిగా పారినా దాన్ని మోసుకుపోక తప్పలేదు.

పైడమ్మ గొల్లుమంది.

"ఏమైందే?" అంది ఇద్దరిలో ఒక నూకాలు, నోట్లో ఉన్నది మింగి. "అయ్యో, బుజ్జిదే! ఇంత కష్టంలో ఉన్నావని ఒక్క మాట చెబితే నేను కాస్త వదిలేదాన్ని కదే!"

అంటూ ఓదార్చడానికి చెల్లెలి మీద చెయ్యి వేసింది.

"ముట్టుకోకు నన్ను!" అని పైడమ్మ చేతులన్నీ లోపలికి లాగేసుకుంది. ముద్దలా ముడుచుకుపోయింది.

అప్పటినుంచే, గుంపులో ఒరవడికి ఎదురుగా ఉన్న సముద్రపు పువ్వులు బలిసి ఉంటాయి, వెనకవి చిక్కి ఉంటాయి. నీరు తగిలితే ఆశగా చేతులు చాపుతాయి. ఇంకెవరి చెయ్యి తగిలినా చటుక్కున ముడుచుకుంటాయి. మీరే వేలు పెట్టి చూడండి. మీరు వాటి చుట్టాలు కారు. అయినా నమ్మవు.