పెనం మీద ప్రమాణం

గవర్రాజు ఇంట్లో తెలివికి లోటు లేదు. అనుమానముంటే ఊళ్ళో ఎవర్నీ అడగక్కర్లేదు, గవర్రాజునే అడగండి, చెబుతాడు. ఇంటి ముందు పెసరట్ల బండి పెట్టుకుని బతికే ఆయన లెక్కలో ఆ ఇంట్లో మూడు బుర్రలున్నాయి. తనదొకటి, భార్య మంగతాయారుదొకటి, నాలుగు రోజులుండి పోదామని వచ్చి పదేళ్ళుగా ఉండిపోయిన బావమరిది సన్యాసిరావుదొకటి. "మా ముగ్గురి తెలివీ ఊరంతటికీ పంచినా ఇంకా మిగిలిపోద్దండీ," అనేవాడు. మిగలడం నిజమే. ముగ్గురిలో ఎవరూ వాడింది లేదు మరి.

ఇంత తెలివికీ లొంగనిది ఒకటుంది, బండి పక్కనే పెరిగిన చెత్తగుట్ట. వీధి వీధంతా తెచ్చి అక్కడే పోసేది. పెసరట్టు తినాలంటే నోరు తెరవాలి, అక్కడ నిలబడాలంటే ముక్కు మూసుకోవాలి. ఈ రెండూ కుదరక జనం ఒక్కొక్కరే మానేశారు. రుబ్బిన పిండి రోజూ ఇంట్లోవాళ్ళే తినాల్సొచ్చేది. ఇంకో నెల ఇలాగే సాగితే తాతల నాటి పెనం అటకెక్కాల్సిందేనని గవర్రాజుకి నిద్రలేదు.

అలాంటి రోజుల్లో మున్సిపాలిటీ నుంచి శానిటరీ ఇన్‌స్పెక్టర్ జోగారావు గారు వచ్చి ఇంటింటికీ రెండేసి డబ్బాలు పంచారు. "తడి చెత్త పచ్చ డబ్బాలో, పొడి చెత్త నీలం డబ్బాలో. నెలాఖరుదాకా అన్ని ఇళ్ళూ ఇలా వేరుచేసి ఇస్తే ఈ గుట్ట ఎత్తించేస్తాం. ఒక్క ఇల్లు తప్పినా గుట్ట ఇక్కడే ఉంటుంది," అన్నారు.

గవర్రాజుకి ప్రాణం లేచొచ్చింది. ఇంటికెళ్ళి డబ్బాలకి పసుపు రాసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టాడు.

ఆ మర్నాడే వాన పడి అరుగు మీది పాత పేపర్లు తడిశాయి. అంతే, సన్యాసిరావు వాటిని పచ్చ డబ్బాలో కుక్కేశాడు. మంగతాయారేమో వంకాయ తొడిమలూ అరటి తొక్కలూ తీసి, వాన వెలిసి ఎండకాయగానే నులకమంచం మీద పరిచి, కాకులు రాకుండా కర్ర పట్టుకుని కాపలా కూర్చుంది. సాయంత్రానికి అవి గలగలమన్నాయి. ఇంకేముంది, నీలం డబ్బాలోకి!

చెత్త బండి తెచ్చే నూకాలమ్మ మూతలు తీసి చూసి నుదురు కొట్టుకుంది. "రాజుగారూ, వడియాలు పెట్టమన్లేదండి. కుళ్ళేది పచ్చ దాంట్లో, కుళ్ళనిది నీలం దాంట్లో. అంతేనండి."

"ఆ ముక్క ముందే చెప్పొద్దా?" అని గవర్రాజు ఆవిడనే కోప్పడ్డాడు.

కానీ కుళ్ళేదేదో కుళ్ళనిదేదో చూడకుండా ఎలా వేస్తాం? తెలివైనవాళ్ళు తొందరపడతారా? చెత్తంతా వసారాలో వరసగా పేర్చి ముగ్గురూ ఎదురుగా బాసింపట్టేసుకుని కూర్చున్నారు. చేప తల, తెగిన చెప్పు, ముందురోజు పప్పుచారు, బూడిద గుమ్మడికాయ.

నాలుగో రోజున సన్యాసిరావు, "బావా, చేప కుళ్ళిందే," అన్నాడు.

"నీకెలా తెలుసురా?"

"పక్కింటోళ్ళు తలుపులేసుకుని చుట్టాలింటికెళ్ళిపోయారు."

"గుమ్మడికాయో?"

"నవనవలాడుతోంది."

"అయితే నీలం డబ్బాలో పడెయ్. చెప్పుని ఇంకో వారం చూద్దాం."

వారం తర్వాత నూకాలమ్మ ముక్కుకి కొంగు కట్టుకుని వచ్చి దండం పెట్టింది. "మీరింక తెలివి వాడకండి బాబూ. ఇంట్లో దేనికీ పనికిరానిదేదో చూసి బండెక్కించండి. మిగతాది నేను చూసుకుంటాను."

దేనికీ పనికిరానిదా? ముగ్గురూ మొహమొహాలు చూసుకున్నారు. సన్యాసిరావు తల వంచుకుని లోపలికెళ్ళి చొక్కా మార్చుకొచ్చాడు.

"అక్కా, పదేళ్ళుగా నువ్వు చెబుతున్నదే కదా," అన్నాడు. మంగతాయారు కళ్ళొత్తుకుని, దారిలో తినమని రెండు పెసరట్లు మూటగట్టి ఇచ్చింది. నూకాలమ్మ అవతలి ఇంటి డబ్బా తేవడానికి వెళ్ళింది. ఇంతలో వాడు బండెక్కి బుద్ధిగా కూర్చుని, అట్ట ముక్కలు మీద కప్పుకున్నాడు.

చెత్త వేరుచేసే షెడ్డులో వాణ్ణి కూడా దించారు. అక్కడివాళ్ళు కెవ్వుమంటే వాడు నెమ్మదిగా, "కంగారు పడకండి. స్నానం చేసే వచ్చాను గానీ దారిలో చెమట పట్టింది. తడా పొడా మీరే తేల్చండి," అన్నాడు.

ఇన్‌స్పెక్టరు గారు వాణ్ణి స్కూటరు మీద ఎక్కించుకుని తెచ్చి గవర్రాజు ముందు దించారు. ఆయనకి చెప్పలేనంత కోపంగా ఉంది. "వీధంతా దారికొచ్చింది. మిగిలింది మీరే! నా ఎదురుగా ప్రతిజ్ఞ చెయ్యండి!"

గవర్రాజు అన్నం పెట్టే పెనం మీద చెయ్యివేసి, ఆయన చెప్పించినట్టే అక్షరం పొల్లుపోకుండా చెప్పాడు. "మా చెత్తకు మేమే బాధ్యులం. మా చెత్తను ఇంకొకరి గడప ముందు పడనివ్వం." చెబుతుంటే గవర్రాజుకి నిజంగానే కళ్ళు చెమర్చాయి.

ఆ తర్వాత కథ సజావుగా నడిచింది. ఎందుకంటే నూకాలమ్మ వీళ్ళని ఏదీ ముట్టుకోనివ్వలేదు. తనే వచ్చి, తనే వేరుచేసి, తనే పట్టుకెళ్ళింది. నెలాఖరైంది. లారీ వచ్చింది. గుట్ట మొత్తం ఎక్కించారు. బండి పక్కన నేల కనబడింది. అక్కడ నేల ఉందని గవర్రాజు పదేళ్ళుగా మర్చిపోయాడు.

ఆనందం పట్టలేక డ్రైవరుకి వేడివేడి పెసరట్టు పెట్టాడు. పెట్టి ఊరుకోవచ్చుగా! "ఎక్కడికండీ తీసుకెళ్తున్నారు?" అని అడిగాడు.

"ఊరవతల గుంటలో పోసేస్తామండి."

"అక్కడ ఇళ్ళేవీ లేవుగా?"

"ఉన్నాయండి, ఓ పదిహేను గుడిసెలు. వాళ్ళకి అలవాటేలెండి."

గవర్రాజు చేతిలో అట్లకాడ జారిపడింది. పెనం వంక చూశాడు. వేడి మీదున్న పెనం చుయ్యిమంది. గడప ముందు పడనివ్వం అని ఒట్టేశాడే!

అంతే, లారీకి అడ్డంగా పడుకున్నాడు. ఒకవైపు మంగతాయారు, ఇంకోవైపు సన్యాసిరావు.

"పోతే నా వ్యాపారమే పోతుంది. ఒట్టు తప్పితే పెనం ఊరుకోదు. మా చెత్త మాకిచ్చెయ్యండి!" అని గవర్రాజు ఏడ్చాడు. ఏడుపు ఉత్తుత్తిది కాదు.

డ్రైవరు రెండుసార్లు చెప్పిచూశాడు. తర్వాత డీజిలు కలిసొస్తుందని తోచి, లారీ వెనక్కి తిప్పి, గుట్ట మొత్తం వాళ్ళ వాకిట్లోనే దించి, ఇంకో పెసరట్టు తిని వెళ్ళిపోయాడు.

అంతలో తూర్పున మబ్బు పట్టింది. "బావా, వాన!" అని సన్యాసిరావు అరిచాడు. "తడిస్తే అంతా తడి చెత్తయిపోద్ది!"

ఇంకేముంది! బియ్యం బస్తా, మంచాలు, దేవుడి పటాలు పెరట్లోకి. చెత్త రెండు గదుల్లోకి, దూలాలదాకా. తలుపు మూయడానికి ముగ్గురూ వీపులానించి తోయాల్సొచ్చింది. రాత్రంతా వానలో ముగ్గురూ ఒక్క గొడుగు కింద కూర్చుని, లోపల చెత్త తడవలేదని సంతోషించారు.

తెల్లారింది. వాకిలి అద్దంలా ఉంది. జనం ఆగారు. పాత గిరాకీలు, "కంపు పోయిందే!" అంటూ బెంచీ మీద సర్దుకు కూర్చున్నారు. ఎనిమిది గంటలకే సగం పిండి అయిపోయింది. గవర్రాజుకి ఏడవాలో నవ్వాలో తెలీలేదు.

ఇన్‌స్పెక్టరు గారొచ్చారు. ఊడ్చిన నేల చూసి, నోరారా పొగిడి, "చెత్త లేని ఇల్లు" అని రాసిన రేకు తలుపు మీద తనే మేకు కొట్టి బిగించారు. సుత్తి దెబ్బ పడినప్పుడల్లా లోపలేదో దొర్లిన చప్పుడైంది. "పిల్లులేమో," అనుకుని ఆయన ఫొటో తీసుకుని బయల్దేరారు.

ఇక్కడితో ఆపితే గవర్రాజు గట్టెక్కేవాడే. కానీ ఇంటి పరువు నిలబెట్టిన పెద్దమనిషి గడపదాకా వచ్చాడాయె. లోపలికి పిలవకుండా, మంచినీళ్ళైనా ఇవ్వకుండా పంపిస్తే నలుగురూ ఏమనుకుంటారు?

"అయ్యో, అలా గుమ్మంలోంచే వెళ్ళిపోతారేంటండీ," అని చెయ్యి పట్టుకుని ఆపి, గవర్రాజు తలుపు గడియ తీశాడు.