ఏరు ఎవరితో మాట్లాడుతుంది?

కొండల్లోంచి దూకి వచ్చే ఏరు ఒకటి, మైదానంలో దిగాక ఒళ్లు విరుచుకుని పారేది. ఏటా వానాకాలంలో ఒక్కసారి గట్లు దాటి వచ్చి, నాలుగు రోజులుండి పోయేది. అప్పట్లో అక్కడ ఎవరూ కాపురం ఉండేవాళ్లు కాదు. రావడం, నీళ్లు తాగడం, మేత ఉన్నచోటికి పోవడం. జంతువులన్నిటిదీ అదే బతుకు.

ఆ తిరుగుడు మాన్పించింది గేదె నల్లక్క. కాలు బెణికి, ఒక ఏడాది మందతో పోలేక ఆగిపోయింది. వరద తీశాక చూస్తే, తాను మేస్తూ రాల్చిన గింజలు మెత్తటి ఒండ్రులో మోకాలెత్తు మొలిచి ఉన్నాయి.

"చూశావా కోరయ్యా," అంది అటుగా వచ్చిన అడవిపందితో. "ఏరే ఎరువు తెచ్చి పోసింది. ఇంకా మనం అడవులు పట్టుకు తిరగడమెందుకు?"

"బాగానే ఉంది గానీ, ఎండాకాలంలో నీళ్లో?"

"నీకంత మూతి ఎందుకుంది? తవ్వు!"

కోరయ్య తవ్వాడు. ఏటి నుంచి చేలదాకా కాలవ వచ్చింది. పందికొక్కులు వచ్చి గింజలు దాచడానికి పాతర్లు తీశాయి. కొంగలు పైరు మీది పురుగులు ఏరాయి. కడుపు కోసం రోజంతా తిరిగే పని తప్పేసరికి ఎవరికి చేతనైన పని వాళ్లకు కుదిరింది. మూడేళ్లకు అదొక ఊరైంది.

గుంటనక్క గుంటయ్య అప్పుడొచ్చాడు. తవ్వడు, మొయ్యడు. ఊరి పక్కనున్న ఎత్తైన దిబ్బ మీద చెవి నేలకానించి పడుకుని, "ఎల్లుండి వరద. ఏరు నాతో చెప్పింది" అన్నాడు. అందరూ నవ్వారు. ఎల్లుండి వరద వచ్చింది. పాతర్లు మునిగాయి, రెండు పందికొక్కు కుటుంబాలు కొట్టుకుపోయాయి. మరుసటేడు అతను చెప్పగానే అందరూ దిబ్బెక్కి బతికారు.

ఇక దిబ్బ మీది చోటు గుంటయ్యదే, పంటలో తొలి పోగూ అతనిదే. నక్క గింజలు తినదు. కానీ గింజలు ఎవరి దగ్గరుంటే మాట వాళ్లదని గుంటయ్యకు బాగా తెలుసు. తనకిష్టమైన దోసకాయలు తెచ్చినవాళ్లకు వాళ్ల గింజలే కాసిని తిరిగిచ్చి దీవించేవాడు.

నల్లక్క కూడా వెళ్లి తల వంచేది. అలా వంచినప్పుడే ఒకసారి అతని కాళ్లు కనబడ్డాయి. పాదాల నిండా ఎర్రమట్టి. ఊళ్లో ఉన్నదంతా నల్లమట్టి. ఎర్రమట్టి ఎగువన, కొండవాగు ఏట్లో కలిసేచోట ఉంది.

మరుసటి వానాకాలం కోరయ్యను వెంటబెట్టుకుని, కుంటుకుంటూ అక్కడికి పోయింది. వాగు ఎర్రగా నురగలు కక్కుతూ ఒక బండ మీదికి ఎగబాకుతోంది. ఊరి దగ్గర మాత్రం ఏరు ఇంకా తేటగానే ఉంది.

"గుంటయ్య ఇది చూసిపోయే వరద సంగతి చెబుతున్నాడు. అయితే ఏరు మాట్లాడుతున్నది నిజమే," అంది నల్లక్క. "అందరితోనూ మాట్లాడుతోంది. ఇందుకా నేను ఇన్నాళ్లూ తల వంచింది!" సిగ్గుతో ఆమె చెవులు వాలిపోయాయి.

పక్కనే చేపలు పడుతున్న కొంగను అడిగింది, "రోజూ ఇక్కడికొస్తావు, ఈ ఎరుపు నీకు కనబడలేదూ?"

"కనబడింది. అడిగినవాళ్లేరీ?"

ఆ ఏడంతా కనిపెట్టి చూశారు. నీళ్లు ఎంత ఎక్కితే ఎన్నాళ్లకు వరదో తేల్చుకుని, కోరయ్య కోరతో బండ మీద మూడు గీతలు గీశాడు. మూడోది మునిగితే మర్నాడు మధ్యాహ్నానికి ఊళ్లో వరద. ఆ కాపలా కొంగకు అప్పజెప్పారు.

మళ్లీ వానలొచ్చాయి. ఒక ఉదయం కొంగ వచ్చి వాలింది. "అక్కా, మూడో గీత మునిగింది."

నల్లక్క ఊరిని లేపబోతుండగా గుంటయ్యే దిగొచ్చాడు. గొంతు పెంచి అన్నాడు, "శుభవార్త! పంటలో సగం దిబ్బ మీది నా బొరియకు చేరిస్తే ఈ ఏడు వరద రాదని ఏరు మాటిచ్చింది."

నల్లక్కకు లెక్క తెలిసిపోయింది. సగం గింజలు పైకి, ఊరంతా నీళ్లలోకి. మిగిలినవాళ్లు పిడికెడు గింజల కోసం ఇతని కాళ్ల దగ్గర. అతని ఎత్తు అదన్నమాట.

"సగమేం కర్మ, మొత్తం చేరుస్తాం," అంది నెమ్మదిగా. "పిల్లాజెల్లాతో మేమూ అక్కడే ఉండి కాపలా కాస్తాం. రేపు సాయంత్రం దాకా మా చేలు నువ్వు చూసుకో. వరద రాదుగా?"

గుంటయ్య ఏటి వైపోసారి చూశాడు. ఊరంతా అతని మొహమే చూస్తోంది. "రా... రాదు" అన్నాడు.

పొద్దు వాలేసరికి ఊరంతా గింజలతో సహా దిబ్బ మీదుంది. మర్నాడు మధ్యాహ్నం ఎర్రటి నురగ కాలవలోంచి పొంగి చేలలోకి వచ్చింది. గుంటయ్య ఒక్క క్షణం నిలబడలేదు. పొట్ట దాకా నీళ్లలో పడుతూ లేస్తూ, తోక ఈడ్చుకుంటూ దిబ్బ దగ్గరికొచ్చాడు.

"ఏం గుంటయ్యా, ఏరు మాట తప్పిందా?" అని కోరయ్య అడ్డం నిలబడ్డాడు.

"ఎక్కనీ, కింద నీళ్లున్నాయి," అని నల్లక్క ఒళ్లు ముడుచుకుని చోటిచ్చింది. తర్వాత నక్కతో అంది, "వరద తీశాక కాలవ పూడిక తియ్యాలి. నువ్వూ రా. తిండి అందరితోపాటే."

గుంటయ్య ఒక రోజు పూడిక తీశాడు. రెండో రోజు కనబడలేదు. ఆ తర్వాత ఊరివాళ్లే వంతులవారీగా వెళ్లి బండ మీది గీతలు చూసి రావడం మొదలుపెట్టారు.

అందరినీ కాపాడే కబురును బేరానికి పెట్టినవాడి పెద్దరికం, ఆ కబురు అందరికీ తెలిసేదాకానే.