గారె ఎత్తుకుపోయిన కాకి

అనగనగా ఒక ఊళ్ళో, ఆ ఊరి పేరు కందికుప్ప అనుకుందాం, నాంచారమ్మ అనే మామ్మ ఉండేది. దుప్పటి సరిగ్గా కప్పుకో, చెప్తాను.

ఆ ఊళ్ళో బుధవారం వస్తే టీకాలు. నర్సు మార్తమ్మ చల్లటి పెట్టెలో మందు పెట్టుకొచ్చి బడి అరుగు మీద కూర్చునేది. బిడ్డకన్నా ముందు తల్లి ఏడ్చేది. అందుకని ఎవరి బిడ్డనైనా నాంచారమ్మే ఒళ్ళో పెట్టుకునేది. నెలన్నర పసిగుడ్డునీ తనే, తొమ్మిదో నెల బిడ్డనీ తనే, ఐదేళ్ళ పిడుగునీ తనే. కడుపుతో ఉన్న కోడళ్ళు కూడా ఆవిడ చెయ్యి పట్టుకునే వేయించుకునేవాళ్ళు.

ఆవిడ దగ్గర ఒకే ఒక్క మంత్రం ఉండేది. "అదుగో, కాకి గారె ఎత్తుకుపోతోంది!" అనేది. పిల్ల "ఏదీ?" అని తల ఎత్తేలోపు సూది పడిపోయేది. ఆ పిల్లల అమ్మలూ చిన్నప్పుడు ఆ కాకిని వెతికినవాళ్ళే! మా ఊళ్ళో టీకా పడని పిల్ల ఒక్కటీ లేదని నాంచారమ్మ పక్కూరి సంతలో కూడా గొప్పలు చెప్పేది. చెప్పుకోదూ మరి!

అప్పుడు ఒక వానాకాలం చివర మార్తమ్మ అంది కదా, "మామ్మా, ఈసారి పెద్దవాళ్ళ వంతు. ఊపిరితిత్తులకి పట్టే జ్వరం రాకుండా టీకా తెచ్చాను. ముందు నువ్వు రా."

నాంచారమ్మ గుండె గుభేలుమంది. ఎందుకో తెలుసా? పిల్లలందరూ కాకిని చూస్తుంటే ఆవిడ గట్టిగా కళ్ళు మూసుకునేది. సూదంటే ఆవిడకి చచ్చేంత భయం! ఇన్నేళ్ళలో ఒక్కరూ కనిపెట్టలేదు.

మొదటి బుధవారం "ఇవాళ ఉపవాసం" అంది. రెండో బుధవారం "వడియాలు పెడుతున్నాను" అంది. బయటేమో వాన జోరున కురుస్తోంది! మూడో బుధవారం ధాన్యం గాదె వెనక దాక్కుంది.

ఆవిడకి పేరయ్య అని ఒక అన్న ఉన్నాడు. పోయిన చలికాలం ఆయనకి అదే జ్వరం వచ్చి నెల రోజులు మంచం దిగలేదు. మళ్ళీ వస్తే తట్టుకోలేడని డాక్టరు చెప్పాడు. ఆయనేమో మొండిఘటం. "మా చెల్లెలు వేయించుకోనిది నేనెందుకు వేయించుకుంటాను?" అని భీష్మించుకు కూర్చున్నాడు. ఆయన్ని చూసి మిగతా ముసలాళ్ళూ అంతే. చలి రానే వచ్చింది. అన్న ఎక్కడ మళ్ళీ మంచం పడతాడో అని నాంచారమ్మకి ముద్ద దిగలేదు. అయినా కాళ్ళు కదిలితేగా!

నాలుగో బుధవారం లాస్య అనే చిన్నదానికి ఐదో ఏటి టీకా. నాంచారమ్మ ఒళ్ళో కూర్చోబెట్టుకుని కాకి మాట చెప్పింది. ఆ గడుగ్గాయి కాకిని చూస్తేగా! మామ్మ మొహం చూసింది. సూది పడింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అయినా ఏడవలేదు. "నీకూ భయమేనా మామ్మా?" అని చెవిలో అడిగింది.

"అవునే తల్లీ," అంది నాంచారమ్మ.

అప్పుడు లాస్య ఒళ్ళోంచి దిగి, అరుగు మీద మఠం వేసుకుని కూర్చుంది. "అయితే నా ఒళ్ళో తల పెట్టు, నేను పట్టుకుంటా," అంది. అరుగు దగ్గర కబుర్లకి చేరిన ముసలాళ్ళందరూ చూస్తున్నారు, పేరయ్య తాత కూడా చూస్తున్నాడు. నాంచారమ్మ ఒకసారి అన్న వంక చూసింది. ఆ తర్వాత ఆ బుల్లి ఒళ్ళో తల పెట్టి జాకెట్టు చెయ్యి పైకి లాక్కుంది.

"అదుగో మామ్మా, కాకి గారె ఎత్తుకుపోతోంది!"

"ఏదీ? ఎక్కడే?" అని తల ఎత్తింది నాంచారమ్మ. ఆ కాకిని పుట్టించింది తనే, అయినా చూసింది!

"అయిపోయింది మామ్మా," అంది మార్తమ్మ.

పేరయ్య తాత పడీ పడీ నవ్వాడు. నవ్వుతూనే చొక్కా చెయ్యి మడుచుకుంటూ వచ్చి లాస్య పక్కన కూర్చున్నాడు. ఆ తర్వాత ముసలాళ్ళందరూ వరసగా వచ్చి, ఒక్కొక్కరే తల ఎత్తి కాకిని చూశారు.

ఆ చలికాలం పేరయ్య తాత మంచం పట్టలేదు. కంది నూర్పిళ్ళప్పుడు కళ్ళంలో కూర్చుని అందరి మీదా కేకలేశాడు. ఆ కేకలు విని నాంచారమ్మ మురిసిపోయింది.

సంతకి వెళ్తే ఇప్పుడు ఆవిడ మాటే మారింది. "మా ఊళ్ళో టీకా పడని చెయ్యి లేదు, ఇదిగో, నాది కూడా!" అని చూపించేది. పక్కనుంచి లాస్య, "మామ్మని పట్టుకుంది నేనే!" అనేది.

రేపు బుధవారం, బంగారం. నీకొకటి, నాకొకటి. ఎవరి ఒళ్ళో ఎవరో నువ్వే చెప్పు.

కథేమో కంచికి,
కాకేమో ఇంటి కొప్పుకి,
గారేమో నీ నోటికి,
మనమేమో నిద్దరకి!